లక్క నుండి బేకలైటు దాకా

పరీక్షల రోజులలో మా కళాశాల ఆఫీసు గదిలో ఒక ప్రత్యేకమైన వాసన వస్తుంది. జవాబు పత్రాల కట్టలను గుడ్డలో చుట్టి, దారంతో కుట్టి, ఆ కుట్ల మీద లక్క కరిగించి పోసి ఇత్తడి ముద్ర వేస్తారు. కొవ్వొత్తి మంట తగలగానే ఎర్రని లక్కకడ్డీ కరిగి బొట్లు బొట్లుగా రాలుతుంది. ముద్ర వేసిన నిమిషానికే రాయివలె గట్టిపడుతుంది. మొన్నటి పరీక్షలలో ఆ పని చేస్తున్న అటెండరు, గోడమీది పాత స్విచ్చి నుండి ఊడిపడిన మూత ముక్కను గూడ అదే కొవ్వొత్తి మంటలో పెట్టాడు. అంచు కాస్త కరిగితే తిరిగి అంటించవచ్చునని ఆయన ఊహ. అది కరగలేదు. మసిబారి, ఆస్పత్రి గదులను జ్ఞాపకం చేసే ఘాటైన వాసన మాత్రం వదిలింది. ఆయన నావైపు తిరిగి, "ఇది గూడ ప్లాస్టిక్కే గదా సార్, మరి కరగదేం?" అని అడిగాడు.

ప్రశ్న చిన్నదే. జవాబు మాత్రం నూరేళ్ళ పైబడిన చరిత్ర. ఆయన చేతిలోని లక్క అడవిచెట్ల కొమ్మల మీద పురుగు తయారుచేసినది. ఆ స్విచ్చి మూత బేకలైటు. బొగ్గుతారు నుండి వచ్చిన పదార్థంతో మనిషి తయారుచేసినది. రెండూ చిన్న అణువులు ఒకదానితో ఒకటి ముడిపడగా ఏర్పడినవే. పైగా ఆ రెండవది, మొదటిదానికి బదులు మరొకటి దొరుకునా అని వెదకుతూండగా పుట్టినది. కరగకపోవడమనే ఒకే ఒక లక్షణాన్ని రసాయన శాస్త్రజ్ఞులు మొదట తప్పుగా చూచి, పిమ్మట గొప్పగా చాటి, నేడు మరల తప్పుగా ఎట్లు చూస్తున్నారో తెలిసికొంటే, మన ఇంటినిండా పరచుకొన్న ప్లాస్టిక్కుల కథలో ముఖ్యభాగం తెలిసినట్లే.

పురుగు చేసిన జిగురు

లక్క మనకు క్రొత్తది కాదు. వారణావతంలో పాండవుల కొరకు కట్టిన లక్క ఇంటి కథ తెలియని తెలుగువాడు ఉండడు. అది తేలికగా కరుగుతుంది, చప్పున అంటుకొంటుంది అనే ఎరుకమీదనే ఆ కుట్ర అంతా నడిచింది. హైదరాబాదు లాడ్‌బజారు గాజులు లక్కతోనే చేస్తారు. ఏటికొప్పాక బొమ్మల మీది నునుపైన రంగు గూడ లక్కే. తరిణె మీద గిరగిర తిరుగుతున్న అంకుడు కర్రకు రంగులక్క కడ్డీని నొక్కిపట్టితే, రాపిడి వేడికే లక్క మెత్తబడి కర్రకు పట్టుకొంటుంది. పొయ్యి అవసరమే లేదు.

ఈ లక్కను ఇచ్చే పురుగు చాల చిన్నది. గ్రుడ్ల నుండి వెలువడిన ఎర్రని పిల్లపురుగులు వేల సంఖ్యలో లేత కొమ్మల మీద ప్రాకి, తావు చూచుకొని, తొండాన్ని బెరడులోనికి దింపి చెట్టురసం పీల్చుతూ అక్కడే స్థిరపడతాయి. తమ శరీరం చుట్టూ ఒక జిగురును స్రవించుకొంటాయి. పక్కపక్కనే ఉన్న పురుగుల జిగురు కలిసిపోయి కొమ్మచుట్టూ ఒక పెచ్చు కడుతుంది. అదే లక్క. ఆడపురుగు మరి కదలదు. ఆ గూటిలోనే పెరిగి, గ్రుడ్లు పెట్టి, చనిపోతుంది. మోదుగ, రేగు చెట్ల మీదను, ఉత్తరాదిని కుసుమ అని పిలిచే అడవిచెట్టు మీదను ఈ పురుగును పెంచుతారు. ఈ కుసుమ చెట్టు వేరు, మన కుసుమనూనె మొక్క వేరు. ఛోటానాగపూరు ప్రాంతపు గిరిజనులకు ఇది తరతరాల పంట. బైశాఖీ, కత్కీ, అగహనీ, జేఠ్వీ అని నెలల పేర్లతోనే ఆ పంటలను పిలుస్తారు.

కొమ్మలనుండి గీచి తీసిన లక్కను దంచి, కడిగి, ఎండబెడితే గింజలక్క అవుతుంది. దానిని పలుచని రేకులుగా మార్చే చేతిపని చూడదగినది. పొడవైన గుడ్డ సంచిలో గింజలక్కను నింపి, బొగ్గుల నిప్పు ముందు పట్టుకొని ఒకరు సంచిని మెలిపెడతారు. కరిగిన లక్క గుడ్డ నేతలోనుండి పిండుకొని బయటికి వస్తుంది. దానిని వేడినీళ్ళు నింపిన గొట్టం మీద పరచి, ఇంకా మెత్తగా ఉండగానే మరొక పనివాడు ఆ పొరను చేతులతోను, కాళ్ళతోను, పళ్ళతోను పట్టి నిప్పు ఎదుట నిలబడి సాగదీస్తాడు. అట్లు సాగిన పలుచని రేకు చల్లారి విరిగితే దొరికేదే షెల్లాక్. మీర్జాపూరు ఒకప్పుడు ఈ పనికి పేరుపొందిన కేంద్రం.

యూరపు వర్తకులు మొదట ఆశించినది ఈ రేకును గాదు. లక్కను కడిగిన నీటిలో దిగే ఎర్రరంగును. 1856 లో పెర్కిన్ అనే ఆంగ్ల యువకుడు ప్రయోగశాలలో కృత్రిమ వర్ణద్రవ్యాన్ని చేసిన తరువాత, అటువంటి రంగులు ఒకటి వెంట ఒకటి రాగా లక్కరంగు వ్యాపారం క్రమంగా పడిపోయింది. రంగు పోయినా జిగురు మిగిలింది. కొయ్యసామానుకు మెరుగు పెట్టడానికి ఆ జిగురే గావలసివచ్చింది. 1854 లో అమెరికాలో శామ్యూల్ పెక్ అనే ఆయన షెల్లాక్‌లో కర్రపొడి కలిపి, వేడి అచ్చులలో నొక్కి, ఫోటోలు దాచుకొనే అందమైన పెట్టెలు చేయడానికి పేటెంటు పొందాడు. మనం నేడు ప్లాస్టిక్ అచ్చుపని అనేది దాదాపు ఇదే.

విద్యుత్తు తెచ్చిన గిరాకీ

పందొమ్మిదవ శతాబ్దం చివర రెండు క్రొత్త యంత్రాలు లక్కకు గిరాకీని అమాంతం పెంచాయి. ఒకటి గ్రామఫోను. ఎమిల్ బెర్లినర్ కనిపెట్టిన పళ్ళెపు రికార్డులకు మొదట గట్టి రబ్బరు వాడేవారు. 1890 ల చివరి నాటికి షెల్లాక్ మిశ్రమం స్థిరపడింది. రికార్డులో లక్క పాలు మూడవ వంతుకు లోపే. మిగిలినది రాతిపొడి, దీపపుమసి, నూలుపోగులు. అయినా వీటన్నింటిని కూర్చిపట్టేది, పాటను గాడిగా నిలుపుకొనేది లక్కే. 1902 నవంబరులో కలకత్తాలో గౌహర్ జాన్ పాటలను రికార్డు చేసినప్పుడు, ఆ రికార్డులను అచ్చువేయడానికి జర్మనీలోని హానోవరుకు పంపవలసి వచ్చింది. మన అడవులే ఆనాడు ప్రపంచానికి లక్క గనులు. లక్క ఇక్కడి నుండి ఓడలెక్కి వెళ్ళేది. పాట గూడ ఓడలెక్కి వెళ్ళేది. రెండూ కలిసి నల్లని పళ్ళెమై తిరిగి మన ఇండ్లకు వచ్చేవి. 1908 లో కలకత్తా సియాల్దాలో కర్మాగారం వచ్చిన పిమ్మట గాని ఈ ప్రయాణం తప్పలేదు.

రెండవ యంత్రం డైనమో. విద్యుత్తు తీగలో పారుతున్నంత సేపూ మేలు. తీగ దాటితే కీడు. అందుచేత దానిని అడ్డుకొనే బంధక పదార్థాలు గావలె. సముద్రంలో వేసే తంతి తీగలకు మలయా అడవుల నుండి వచ్చే గట్టాపర్చా అనే పాలజిగురు తొడిగేవారు. మోటార్ల తీగచుట్లకు షెల్లాక్ పూసేవారు. ఊరూరా విద్యుత్తు వెలుగుతున్న కొద్దీ లక్క ధర ఎక్కింది. కాని లక్క పురుగుకు కర్మాగారపు తొందర తెలియదు. దాని పంట చెట్టుమీద, వానమీద, ఎండమీద ఆధారపడినది. మరొక లోపం గూడ ఉన్నది. సుమారు 75 డిగ్రీల వేడికే లక్క మెత్తబడి కరగసాగుతుంది. పనిచేసే యంత్రం వేడెక్కక మానదు గదా. ఇటువంటి పదార్థం విద్యుద్యంత్రంలో ఎంతకాలం నిలుస్తుంది?

ఈ లోపల మనిషి ప్రకృతి పదార్థాలను సంస్కరించడం నేర్చుకొన్నాడు. 1839 లో గుడ్‌యియర్ రబ్బరును గంధకంతో వేడిచేసి గట్టిపరచాడు. ఏనుగు దంతపు బిలియర్డు బంతులకు బదులు వెదకుతూ జాన్ వెస్లీ హయత్ 1869 ప్రాంతంలో నత్రికామ్లంతో మార్చిన దూదికి కర్పూరం కలిపి సెల్యులాయిడు చేశాడు. ఇవి గొప్ప పనులే. కాని రబ్బరు చెట్టు పాలు, సెల్యులాయిడుకు దూది ఆధారం. ప్రకృతి అల్లిన పొడవైన అణువులను తీసికొని మనిషి కొంచెం సవరించాడే గాని, తానుగా అల్లలేదు.

గాజుపాత్ర అడుగున మిగిలిన మడ్డి

1872 లో జర్మనీలో అడాల్ఫ్ ఫాన్ బేయర్ అనే మహారసాయనజ్ఞుడు ఫీనాలును ఆల్డిహైడులతో కలిపి పరీక్షించాడు. ఫీనాలు బొగ్గుతారు నుండి దొరికే పదార్థం. క్రిమిసంహారిణిగా వైద్యులు ఎరిగినదే. మన స్విచ్చి మూత మాడితే వచ్చిన ఆస్పత్రి వాసన దీనిదే. ఈ కలయికలో ఒక జిగటముద్ద తయారై పాత్రకు కరచుకొని పోయింది. అది స్ఫటికం కట్టదు, వేడికి ఆవిరి కాదు, ఏ ద్రావకంలోను సరిగా కరగదు. బేయర్ గావలెననుకొన్నవి క్రొత్త రంగులు. ఆనాటి రసాయన శాస్త్రంలో ఒక పదార్థాన్ని శుద్ధిచేయాలంటే దానిని స్ఫటికంగా మార్చవలె, లేదా బట్టీపట్టవలె. రెండూ కుదరనిది పరిశోధనకు పనికిరాని మడ్డి. 1891 లో క్లీబర్గ్ అనే మరొక జర్మన్ ఫార్మాల్డిహైడుతో ఇటువంటి ఫలితాన్నే చూచి ఆ దారి వదలిపెట్టాడు. పాత్ర పగులగొట్టి పారవేయవలసిన వస్తువుగానే అది చాలకాలం మిగిలిపోయింది.

యాంకర్సులోని ప్రయోగశాల

లియో హెండ్రిక్ బేక్‌లాండ్ 1863 లో బెల్జియంలోని ఘెంట్ నగరంలో పుట్టాడు. తండ్రి చెప్పులు బాగుచేసేవాడు. తల్లి ఇండ్లలో పనిచేసేది. చదువుమీద తల్లికి ఉన్న ఆశ కుమారుని ముందుకు నడిపింది. ఇరవయ్యొక్క యేండ్లకే డాక్టరేటు పొందాడు. తన ఆచార్యుని కుమార్తెను వివాహమాడి, 1889 లో అమెరికా చేరి అక్కడనే స్థిరపడ్డాడు. కృత్రిమ దీపకాంతిలో ముద్రించదగిన వెలాక్స్ అనే ఫోటో కాగితాన్ని తయారుచేసి, 1899 లో ఆ వ్యాపారాన్ని కొడక్ అధిపతి జార్జి ఈస్ట్‌మన్‌కు అమ్మివేశాడు. వచ్చిన సొమ్ము జీవితాంతం సుఖంగా కూర్చుండి తినడానికి చాలును. ఆయన న్యూయార్కు సమీపాన యాంకర్సులో ఇల్లు కొని, దాని ఆవరణలోనే ప్రయోగశాల పెట్టాడు.

ఈసారి ఆయన కన్ను షెల్లాక్ మీద పడింది. లక్కకు బదులు ప్రయోగశాలలోనే ఒక జిగురు చేయగలిగితే విద్యుత్ పరిశ్రమ అంతా కొంటుంది. తన సహాయకుడు థర్లోతో గూడి ఫీనాలు, ఫార్మాల్డిహైడులతో పని మొదలుపెట్టాడు. మొదట వారు కోరినది లక్కవలెనే కరిగే జిగురు. నోవోలాక్ అనే ఒక పదార్థం తయారైంది గూడ; పేరులోనే లాక్ ఉన్నది. సారాయిలో కరిగింది. కాని లక్కను త్రోసివేసే శక్తి దానికి లేకపోయింది.

ఆ ఘట్టంలో బేక్‌లాండ్ ప్రశ్ననే తిరగవేశాడు. ఏ ద్రావకంలోను కరగదు, ఏ వేడికీ మెత్తబడదు అని అందరూ విసుగుకొన్న మడ్డిని ఎట్లు కరిగించడం అనే ప్రశ్న వదలి, అది కరగకపోవడమే గదా మనకు గావలసినది అని ఆలోచించాడు. విద్యుద్యంత్రంలో వేడికి చలించనిది, నూనెకు, సారాయికి, నీటికి లొంగనిది గావలె. అటువంటిది పాత్ర అడుగున ఉండనే ఉన్నది. చేయవలసినదల్లా, గట్టిపడకముందే దానిని మనకు గావలసిన ఆకారంలోనికి తేవడం.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఫీనాలు, ఫార్మాల్డిహైడు కలిసేటప్పుడు నీరు విడుదల అవుతుంది. గట్టిపడటానికి 100 డిగ్రీలు దాటి వేడి చేయవలె. అంత వేడిలో ఆ నీరు ఆవిరై పొంగి, పదార్థమంతా బుడగలతో నురగవలె తయారవుతుంది. తక్కినవారు పొంగుకు భయపడి వేడి తగ్గించేవారు. బేక్‌లాండ్ వేడి పెంచి, దానితోబాటు ఒత్తిడిని గూడ పెంచాడు. బిగువైన మూతగల ఇనుప పాత్రలో అధిక పీడనం క్రింద నీరు ఆవిరి బుడగలుగా లేవలేదు. పదార్థం నిండుగా, గట్టిగా, తేనెరంగులో తయారైంది. మన వంటింటి ప్రెషర్ కుక్కర్‌లో నీరు 100 డిగ్రీలు దాటినా తెర్లకుండా ఆగేది ఇందుచేతనే. ఆ కుక్కరు పిడి గూడ తరచు బేకలైటు జాతిదే కావడం చిత్రమైన సంగతి.

1907 జూన్ నాటికి ఫలితం చేతికి వచ్చింది. జూలై 13 న ఆయన పేటెంటుకు దరఖాస్తు చేశాడు. ఇంగ్లండులో జేమ్స్ స్విన్‌బర్న్ అనే ఇంజనీరు ఇదే పదార్థం మీద సంవత్సరాల తరబడి పనిచేసి పేటెంటు కొరకు వెళ్ళేసరికి, బేక్‌లాండ్ ఒక్కరోజు ముందే అక్కడ దరఖాస్తు చేసి ఉన్నాడట. 1909 ఫిబ్రవరిలో అమెరికన్ రసాయన సంఘం న్యూయార్కు శాఖ సమావేశంలో బేక్‌లాండ్ తన పదార్థాన్ని లోకానికి ప్రకటించాడు. ఆయన పేరుమీదనే అది బేకలైటు అయింది. అణువులను మొదటినుండి చివరిదాకా మనిషే ముడివేసి చేసిన మొదటి ప్లాస్టిక్ ఇదేనని చరిత్రకారులు అంటారు.

వల ఎట్లు అల్లుకొంటుంది?

ఇప్పుడు మా అటెండరు ప్రశ్నకు జవాబు చెప్పవచ్చును. ఫీనాలు అణువులో ఆరు కర్బన పరమాణువులు వలయంగా ఉంటాయి. ఆ వలయంలో ఫార్మాల్డిహైడుతో చేతులు కలపగల తావులు మూడు. ఫార్మాల్డిహైడు చిన్న అణువు. అది రెండు ఫీనాలు వలయాల నడుమ వంతెనగా నిలుస్తుంది. వంతెన పడినప్పుడల్లా ఒక నీటి అణువు బయటికి పోతుంది.

ఒక్కొక్క వలయం రెండు తావులలోనే కలిస్తే పూలదండ వంటి గొలుసు అవుతుంది. దండలు ఎన్ని పక్కపక్కన ఉన్నా, వేడి తగిలితే ఒకదానిమీద ఒకటి జారుతాయి. అదే మెత్తబడటం. లక్క గూడ చాలవరకు ఇట్లే. కాని మూడవ తావు గూడ వంతెనకు దొరికిందంటే, గొలుసుకూ గొలుసుకూ అడ్డముళ్ళు పడతాయి. అన్నిదిక్కులకు అల్లుకొన్న వల ఏర్పడుతుంది. ఇందులో ఏ దండా విడిగా లేదు. జారడానికి తావు లేదు. స్విచ్చి మూత మొత్తాన్ని ఒకే ఒక అణువు అన్నా పెద్ద తప్పు కాదు.

బేక్‌లాండ్ ఈ అల్లికను మూడు దశలుగా విడదీశాడు. మొదటి దశలో పదార్థం ద్రవంగానో, కరిగే ముద్దగానో ఉంటుంది. రెండవ దశలో వేడికి మెత్తబడుతుంది గాని పూర్తిగా కరగదు. మూడవ దశలో మరి మారదు. కర్మాగారాలలో, వల పూర్తికాకముందే పదార్థాన్ని పొడిచేసి, కర్రపొడి కలిపి, వేడి అచ్చులో నొక్కుతారు. అచ్చులోనే చివరి ముళ్ళు పడిపోతాయి.

మనకు తెలిసిన వస్తువులతో చెప్పాలంటే, లక్క బెల్లంపాకం వంటిది. ఎన్నిసార్లు కరిగించినా మరల గడ్డకడుతుంది. బేకలైటు కాల్చిన కుండ వంటిది. పచ్చికుండ నీటిలో నానితే తిరిగి మట్టి అవుతుంది. ఆవములో కాలిన కుండ పగులుతుందేగాని మట్టి కాదు. మరొక విశేషం: లక్కను గూడ చాలసేపు వేడిచేస్తే దానిలోను అడ్డముళ్ళు పడి, క్రమంగా కరగని ముద్ద అవుతుంది. అనగా పురుగు చేసిన జిగురులోను ఈ గుణం కొంత దాగి ఉన్నది.

వేయి ఉపయోగాలు

1910 లో బేక్‌లాండ్ స్వంత కంపెనీ పెట్టాడు. వేయి ఉపయోగాల వస్తువు అని దానిని ప్రచారం చేశారు. అది ఉత్త గొప్పలు కాదని కాలం నిరూపించింది. మోటారుకార్లలో విద్యుత్ పరికరాలు, దీపాల హోల్డర్లు, ప్లగ్గులు, రేడియో పెట్టెలు, కెమెరాలు, 1930 ల నుండి నల్లని టెలిఫోనులు, ఇస్త్రీపెట్టె పిడులు, గిన్నెల పిడులు, అన్నింటిలోను బేకలైటు చోటు చేసికొన్నది. అంతకుముందు విద్యుత్ పరికరం ధనికుల ముచ్చట. పింగాణీ, పాలరాయి, ఇత్తడి పలకల మీద పనివాడు ఒక్కొక్కటిగా అమర్చవలసిన సామాను ఒక్క అచ్చులో నిమిషాల మీద తయారు కాసాగింది. మామూలు ఇంటిలో మామూలు మనిషి తడిచేతి భయం కొంత తగ్గించుకొని దీపం వెలిగించగలగడంలో ఈ కరగని జిగురుకు పెద్ద వాటా ఉన్నది.

విచిత్రమేమంటే, ఇంత చేసిన బేక్‌లాండ్‌కు గాని, కొన్న వారికి గాని తమ చేతిలో ఉన్నది ఎటువంటి అణువో స్పష్టంగా తెలియదు. పాలిమర్ అనే మాటను బెర్జీలియస్ 1830 ల లోనే వాడినా, వేల పరమాణువులు నిజమైన రసాయన బంధాలతో ఒకే అణువుగా ఉండగలవని ఆనాడు నమ్మినవారు అరుదు. రబ్బరు, పిండి, దూది చిన్న అణువుల గుంపులేనని పెద్దల అభిప్రాయం. 1920 లో హెర్మన్ స్టౌడింగర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఇవన్నీ పొడవైన గొలుసు అణువులని వాదించాడు. పెద్ద అణువుల ఊహ మానుకొమ్మని, రబ్బరును సరిగా శుద్ధిచేస్తే అది స్ఫటికమై తీరుతుందని ఒక ప్రముఖుడు తనకు సలహా చెప్పినట్లు ఆయన తరువాత వ్రాసుకొన్నాడు. ఆయన మానలేదు. 1953 లో నోబెల్ బహుమానం వచ్చేసరికి ఆయనకు డెబ్బది రెండేండ్లు.

బృహదణువు ఉన్నదని ఒప్పుకొన్న తరువాత దానిని కోరినట్లు అల్లడం సాధ్యమైంది. 1933 లో ఇంగ్లండులో పాలిథీను అనుకోకుండా దొరికింది. 1935 లో అమెరికాలో కరోథర్స్ నైలానును ఆలోచించి కట్టాడు. మనం కట్టే నూలుబట్ట, తినే అన్నంలోని పిండి, మన జుట్టు, పట్టుపురుగు దారం, పురికొస, పాలపాకెట్టు, అన్నీ ఒకే కుటుంబంలోనివని మొదటిసారి అర్థమైంది.

లక్క ఏమైనది?

బేకలైటు వచ్చిన వెంటనే లక్క చావలేదు. గ్రామఫోను రికార్డు దానిని నిలబెట్టింది. కాని ప్రమాదం గుర్తించినందుననే, లక్కను శాస్త్రీయంగా పరిశోధించడానికి 1924 లో రాంచీ సమీపాన నామ్‌కుమ్‌లో భారత లక్క పరిశోధన సంస్థ వెలసింది. రెండవ ప్రపంచ యుద్ధంలో ఓడల రాకపోకలు కష్టమై, 1942 లో అమెరికా ప్రభుత్వం రికార్డులకు లక్క వాడకాన్ని బాగా కుదించింది. ఆ కొరతలో వినైల్ రికార్డు పైకి వచ్చింది. 1948 లో కొలంబియా కంపెనీ నిమిషానికి 33⅓ సార్లు తిరిగే దీర్ఘకాలపు వినైల్ రికార్డు విడుదల చేయడంతో షెల్లాక్ రికార్డుకు రోజులు దగ్గరపడ్డాయి. మన దేశంలో అది 1960 లు దాటేదాకా నడిచినా, దారి మాత్రం మూసుకొన్నది.

దీని బరువు ఎవరిమీద పడినదో శాస్త్రచరిత్ర గ్రంథాలు తరచు చెప్పవు. కర్మాగారంలో ఒక పేటెంటు చేతులు మారితే, వేల మైళ్ళ దూరాన మోదుగచెట్టు ఎక్కి కొమ్మలు కోసేవాని పంట ధర పడిపోతుంది. వానికి బేక్‌లాండ్ పేరు తెలియదు. బేక్‌లాండ్‌కు వాని ఊరు తెలియదు. లక్కరంగు విషయంలో ఒకసారి, లక్కజిగురు విషయంలో మరొకసారి ఈ దెబ్బ ఆ అడవులకు తగిలింది.

అయినా లక్క పూర్తిగా పోలేదు. మాత్రలమీది పూతకు, మిఠాయిల మెరుగుకు, పండ్లమీది రక్షణపొరకు నేడు దానిని వాడుతున్నారు. కడుపులోనికి పోయినా కీడు చేయనిది, మట్టిలో పడితే క్రమంగా మట్టిలో కలిసేది గావలసినచోట పురుగు చేసిన జిగురే మరల ముందుకు వచ్చింది. నామ్‌కుమ్ సంస్థ 2007 లోను, 2022 లోను పేర్లు మార్చుకొని, ఇతర ప్రకృతి జిగురులను, పంటల ఉపఫలాలను గూడ తన పరిశోధనలో చేర్చుకొన్నది. ఝార్ఖండ్, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్ అడవులలో నేటికీ లక్క పండుతున్నది.

మరల అదే గుణం

కరగనిది గావలెనని బేక్‌లాండ్ కోరాడు, దొరికింది. దాని తరువాత వచ్చిన పాలిథీను, నైలాను, వినైల్ వంటివి వేడికి కరుగుతాయి గాని మట్టిలో కరగవు. 2019 సంవత్సరంలో ప్రపంచం వాడిన ప్లాస్టిక్ సుమారు 46 కోట్ల టన్నులని, చెత్తగా మారినదానిలో తిరిగి వాడుకలోనికి వచ్చినది 9 శాతం మాత్రమేనని ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ లెక్కకట్టింది. ఒక్కసారి వాడి పారవేసే కొన్ని రకాల ప్లాస్టిక్ వస్తువులను మన దేశం 2022 జూలై 1 నుండి నిషేధించింది. బేకలైటు వంటి వల అణువుల విషయం మరింత చిక్కు. వాటిని కరిగించి క్రొత్త వస్తువుగా పోయలేము. పాత బేకలైటు సామానులో కొన్నిటికి రాతినార గూడ కలిపేవారు గనుక వాటిని పొడిచేయడం, కాల్చడం ఆరోగ్యానికి మంచిది కాదు. ఈ సంగతి మా అటెండరుకు గూడ చెప్పాను.

కాలిన కుండ మట్టి కాదన్నాము. కాని రసాయన శాస్త్రం ఆ మాట దగ్గర ఆగిపోలేదు. 2011 లో ఫ్రాన్సులో లుడ్విక్ లీబ్లర్, ఆయన సహచరులు ఒక క్రొత్త జాతి వల అణువులను ప్రకటించారు. వీటిలో మొత్తం వల తెగదు. కాని వేడిచేసినప్పుడు ముళ్ళు ఒకచోట విడి మరొకచోట పడుతూంటాయి. అందుచేత గట్టితనం పోకుండానే ఆకారం మార్చవచ్చును. ఇవి గాజువలె మెల్లగా మెత్తబడతాయి గనుక విట్రిమర్లు అని పేరు పెట్టారు. కట్టడం ఎంత ముఖ్యమో, విడదీయడం అంత ముఖ్యమని శాస్త్రజ్ఞులు గుర్తించడానికి ఒక శతాబ్దం పట్టింది.

ఆ రోజు స్విచ్చి మూత అతకలేదు, క్రొత్తది వేయించాము. కట్టలమీది లక్కముద్రలు మాత్రం యథావిధిగా ఎండాయి. ఊడిన ముక్కను నేను తరగతికి తీసికొని వెళ్ళి, లక్కకడ్డీ పక్కన బల్లమీద పెట్టి, విద్యార్థులను ఆ రెండింటిలో ఏది మంచి పదార్థమని అడిగాను. కొందరు ఇది అన్నారు, కొందరు అది అన్నారు. వెనుక బల్లమీది ఒక అమ్మాయి లేచి, "దేనికి మంచిదో చెబితే గదా సార్, చెప్పగలం!" అన్నది. ఈ చరిత్ర అంతా విని నేర్చుకోవలసినది చాలవరకు ఆ జవాబులోనే ఉన్నది.